ఒంటిగంటా అయిదు పంటు

నల్లగరువు రేవులో పంటు ఎప్పుడు కదలాలో చెప్పే మనిషి నాగిడి పోలయ్య. చదివింది మూడో తరగతి. అదైనా పూర్తిగా చదివాడని చెప్పడానికి లేదు. మూడో ఏడు మధ్యలో గోదావరి పొంగి బడి పాక కొట్టుకుపోయింది. పాక మళ్ళీ లేచింది గాని పోలయ్య మళ్ళీ వెళ్ళలేదు. మాట తక్కువ మనిషి. టిక్కెట్టు చింపి చేతిలో పెడతాడు, ఎవరైనా టైమడిగితే గోడ గడియారం వైపు గడ్డం ఎత్తి చూపిస్తాడు. అంతకుమించి మాట్లాడితే రేవు మునిగిపోతుందన్నట్టు ఉంటాడు.

పంటు అంటే మనుషుల్నీ, మోటారు సైకిళ్ళనీ, పాలబిందెల్నీ, ఒక్కోసారి గేదెల్నీ ఎక్కించుకుని అవతల ఎదరపేట ఒడ్డున దింపే ఇనప బల్లకట్టు. రేవుకు ఉన్నది ఒకటే. వెళ్ళి రావడానికి సరిగ్గా గంట పడుతుంది. వచ్చాక దాన్ని నడిపే సరంగు ధనరాజుకు చుట్ట కాల్చుకోవడానికి అయిదు నిమిషాలు. చుట్ట కాల్చకపోతే ధనరాజు ఇంజను ముట్టుకోడు. అందుకని గంటా అయిదు నిమిషాలకొక ట్రిప్పు. బోర్డు మీద పోలయ్య సుద్దముక్కతో రాసి ఉంచేవాడు: ఉదయం 5:25, 6:30, 7:35, 8:40, 9:45, 10:50, 11:55. తర్వాత భోజనాలకు ఇంకో అయిదు నిమిషాలు. మధ్యాహ్నం నుంచి 1:05, 2:10, 3:15, 4:20, 5:25, 6:30. రోజుకు పదమూడు ట్రిప్పులు. ఇరవై ఏళ్ళుగా అదే బోర్డు, అదే దస్తూరి.

ఆ ఇరవై ఏళ్ళుగా పోలయ్యకు ఉన్న ఆశ కూడా ఒకటే. పర్మనెంటు కావాలి. జలదారి రవాణా మండలి వారు ఆయన్ని చేర్చుకున్నది దినకూలీ కింద. ఇప్పటికీ దినకూలీయే. ఇంకో ఆరు నెలల్లో అరవై నిండుతాయి. పర్మనెంటు కాకుండా దిగిపోతే శాలువా కప్పి పంపిస్తారు. పర్మనెంటు అయి దిగిపోతే శాలువాతో పాటు పింఛను కూడా వస్తుంది. శాలువా కప్పుకుంటే చలి ఆగుతుందేమో గాని ఆకలి ఆగదు కదా అని పోలయ్య అనుకునేవాడు. అనేవాడు మాత్రం కాదు.

ఆ రోజుల్లోనే మండలి హెడ్డాఫీసులో కొత్త గాలి వీచింది. కంప్యూటర్లలో గళ్ళూ, రంగులూ ఉన్న ఖరీదైన లెక్కల కాగితాలు వాడటం దుబారా అని పెద్దలు తేల్చారు. ఇక మీదట వట్టి అక్షరాలతో, నిలువు గీతలూ అడ్డగీతలూ టైపు చేసి కట్టుకున్న సాదా పట్టికలే వాడాలి. పట్టిక కింద ఒక లెక్క సూత్రం రాసి మీట నొక్కితే చాలు, గళ్ళన్నీ వాటంతట అవే నిండుతాయి. దీని మీద డివిజను ఆఫీసులో రేవుల వాళ్ళందరికీ శిక్షణ పెట్టారు. ఉప సంచాలకులు దశిక విశ్వపతిగారు రెండు గంటలు ప్రసంగించారు.

"మిత్రులారా! మనిషి పొరపడతాడు. పట్టిక పొరపడదు. పట్టికకు ఆకలి లేదు, నిద్ర లేదు, బంధుప్రీతి అసలే లేదు. ఇకపై మండలి పరిధిలో ఏ సమయమైనా పట్టిక పలికిన తరువాతే సమయం. అంతవరకు అది కేవలం ప్రతిపాదన. మరో శుభవార్త. పది సంవత్సరాల సేవ ఉండి, వరుసగా మూడు నెలలు పట్టికకు వెంట్రుకవాసి తేడా లేకుండా రేవు నడిపిన దినకూలీలను క్రమబద్ధీకరించుటకు మండలి సూత్రప్రాయంగా అంగీకరించింది."

ప్రసంగం మొత్తంలో పోలయ్యకు అర్థమైంది ఆ చివరి మాటే. అది చాలనుకున్నాడు.

రేవుకు కంప్యూటరు వచ్చింది. ఆఫీసు నుంచి నీలవేణి అనే ఆపరేటరమ్మాయి వచ్చి రెండు రోజులు పక్కన కూర్చుని నేర్పింది. పోలయ్య కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆ వేలు అక్షరం మీద దిగే ముందు కొంగ చేపను చూసినట్టు చాలాసేపు చూసేది. రెండో రోజు సాయంత్రానికి నిలువు గీత, అడ్డగీత, అంకె, గంటకూ నిమిషానికీ మధ్య రెండు చుక్కలు పెట్టడం వచ్చేశాయి. ఆ రాత్రి ఆయన ధనరాజుతో, "ఒచ్చేసింది" అన్నాడు. పోలయ్య నోటినుంచి ప్రగల్భం రావడం ధనరాజు వినడం అదే మొదటిసారి.

మూడో రోజు నీలవేణి లేదు. పోలయ్య ఒక్కడే కూర్చుని పట్టిక కట్టాడు. మొదటి నిలువు వరుస ప్రతిపాదిత సమయం. రెండోది ఆలస్యం. అన్నింటికీ సున్నా. మూడోది ఆమోదిత సమయం. మొదటి వరుసకు రెండో వరుస కలిపితే మూడో వరుస, అదీ సూత్రం. 5:25కి సున్నా కలిపితే 5:25 అవుతుందని మూడో తరగతి మధ్యలో మానేసినవాడికి కూడా తెలుసు. కాని పట్టిక చెబితే గాని సమయం కాదన్నారు గనక మీట నొక్కాడు.

మూడో వరుస నిండింది. 1:5. కింద 1:5. దాని కింద 1:5. పైనుంచి కింది దాకా పదమూడు గళ్ళలో 1:5.

పోలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. తువ్వాలుతో కంప్యూటరు ముఖం కూడా తుడిచాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే. నీలవేణికి ఫోను చేస్తే రెండు నిమిషాల పని. కాని "ఒచ్చేసింది" అని నిన్ననే చెప్పుకున్నాడాయె. అదీ గాక తనకు తెలియని పై చదువుల్లో పదమూడు టైములు కలిసి ఒకటే టైము అవుతాయేమో, ఎవరు చూడొచ్చారు? మూడో తరగతివాడు యంత్రం తప్పు పట్టడమేమిటని ఆయనకే సిగ్గేసింది. పట్టిక పంపించేశాడు. రేవు చరిత్రలో ఆ రోజు జరిగిన తెలివితక్కువ పనుల్లో అది మొదటిది. చేసినవాడు పోలయ్యే.

నాలుగు రోజుల్లో ఆమోదం వచ్చింది. "నల్లగరువు రేవు ప్రతిపాదించిన పదమూడు ప్రయాణాలను పట్టిక 1:5గా, అనగా ఒంటిగంటా అయిదు నిమిషాలుగా ఖరారు చేసినది. ఈ ఏకరూపత ఇతర రేవులకు ఆదర్శప్రాయం. రేవు గడియారం ఒంటిగంటా అయిదు నిమిషాలు చూపినప్పుడు మాత్రమే పంటు కదలవలెను. తేడా వచ్చినచో బాధ్యులపై చర్య తీసుకొనబడును."

పోలయ్య బస్సెక్కి డివిజను ఆఫీసుకు వెళ్ళాడు. విశ్వపతిగారి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, దారి పొడుగునా కూడబలుక్కున్న మాట అన్నాడు.

"పంటు ఒకటేనండి."

విశ్వపతిగారు కళ్ళజోడు తీశారు. "పట్టికలో పంటుల సంఖ్యకు గడి ఉన్నదా?"

"లేదండి."

"గడి లేని విషయం కార్యాలయం దృష్టికి రాదు. వచ్చినా ఎక్కడ రాసుకోవాలి? నువ్వు పర్మనెంటు జాబితాలో ఉన్నట్టున్నావే?"

"ఆయ్."

"మరింకేం. వెళ్ళిరా."

మర్నాడు తెల్లవారేసరికి రేవు నిండా జనం. పోలయ్య బోర్డు తుడిచి పదమూడు చోట్ల ఒకటే టైము రాశాడు. పాలబిందె చంకన పెట్టుకుని లోవమ్మ వచ్చి బోర్డు ముందు నిలబడింది. ఏళ్ళ తరబడి ఆరున్నర పంటుకు ఎదరపేట పాలకేంద్రానికి పాలు పోసి వచ్చే మనిషి. చదువు రాదు గాని బోర్డు మీద ఏ గీత ఎక్కడుండాలో కంఠతా వచ్చు.

"ఏటి మావా, అన్నీ ఒకలాగే గీసేసేవు? సుద్దముక్క ఊరకే ఒచ్చిందా?"

"ఆర్డరు."

"ఆర్డరు నీకొచ్చింది. నా పాలకి రాలేదుగా! మజ్జాన్నం ఎట్టుకెల్తే ఆడు పాలని కొంటాడా, పెరుగని కొంటాడా?"

పోలయ్య గడియారం వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"అదుగో, మళ్ళీ గెడ్డం! దేవుడు నీకు నోరిచ్చి దండగ సేసేడు."

ఒంటిగంట అయ్యేసరికి ఒడ్డున నాలుగొందల మంది, ముప్పై బళ్ళు, తొమ్మిది గేదెలు, కొబ్బరిపీచు ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్ళవలసిన ఆడవాళ్ళు. ప్రతి ట్రిప్పుకూ ఒకసారి హారన్ కొట్టాలనీ, ఒక ట్రిప్పు షీటు రాయాలనీ రూలు. ఒంటిగంటా అయిదు కాగానే ధనరాజు వరుసగా పదమూడుసార్లు హారన్ మోగించాడు. ఏడోదానికి రెండు గేదెలు గోదాట్లో దూకాయి. పోలయ్య మోకాలి మీద పెట్టుకుని పదమూడు షీట్లు రాశాడు. పంటు అరవై మందితో కదిలింది. మిగతావాళ్ళు ఒడ్డున నిలబడి వాళ్ళ వాళ్ళ శక్తి కొద్దీ తిట్టారు. ధనరాజు అవతలి నుంచి తిరిగొచ్చి, చుట్ట ముట్టించి, ఆ చుట్ట సాయంత్రం దాకా కాల్చాడు. మరో పని లేదు.

ఆ రోజు నివేదికలో పోలయ్య రాశాడు: ప్రయాణాలు పదమూడు. సకాలంలో కదిలినవి పదమూడు. తేడా సున్నా. రాసి, మూడు నెలల్లో ఒక రోజు గడిచిందనుకుని సంతోషపడ్డాడు. సంతోషపడ్డందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడితే మాత్రం షీటు చింపాడా? చింపలేదు.

సంగతి విని నీలవేణి పరిగెత్తుకొచ్చింది. పట్టిక చూసి తల పట్టుకుంది.

"అయ్యో బాబాయ్ గారూ! మీరు రెండు చుక్కలు పెట్టారు కదా, అది టైమని ఈ పట్టికకి తెలీదండి. పైనో అంకె, కిందో అంకె ఉన్న భిన్నం అనుకుంటాది. అయిదు బై ఇరవై అయిదు. రెంటినీ అయిదుతో కొట్టేస్తే ఒకటి బై అయిదు. ఆరు బై ముప్పై, అదీ ఒకటి బై అయిదే. మీ ట్రిప్పులన్నీ గంటా అయిదు, గంటా అయిదు చొప్పున పెరిగినవే కదా, అన్నీ కొట్టేస్తే అక్కడికే వస్తాయి."

"భిన్నాలు..." అన్నాడు పోలయ్య.

"నాలుగో తరగతిలో చెప్తారండి."

పోలయ్య తల ఊపాడు. మనసు కుదుటపడింది. తప్పు మండలిది కాదు, యంత్రానిది కాదు, గోదావరిది. ఇంకో ఏడాది ఆగి పొంగి ఉంటే సరిపోయేది.

"సూత్రం చివర ఒక్క ఇంగ్లీషు అక్షరం పెడితే చాలండి, ఇవి టైములని దానికి తెలిసిపోద్ది. నేనిప్పుడే పెట్టేద్దును. ఆమోదించిన సూత్రం ముట్టుకుంటే నా ఉద్యోగం పోద్ది. ప్రతిపాదన పంపిస్తాను."

ప్రతిపాదన వెళ్ళింది. దాని మీద మండలి వెంటనే స్పందించి ఏకాక్షర పరిశీలక సంఘాన్ని నియమించింది. ఇంగ్లీషు అక్షరమైతే అధికార భాషా విభాగం అనుమతి కావాలని ఒక సభ్యుడు, తెలుగు అక్షరమైతే యంత్రం అనుమతి కావాలని మరొక సభ్యుడు అభిప్రాయపడ్డారు. అక్షరం పెద్దదా చిన్నదా అనే విషయంపై ఉపసంఘం పడింది.

రేవులో ఆరో రోజు. లోవమ్మ తిన్నగా పోలయ్య బల్ల దగ్గరకొచ్చి బిందె దింపి, గ్లాసు నిండా ముంచి ఆయన ముందు పెట్టింది.

"తాగు మావా."

"ఏంటది?"

"ఇరిగిన పాలు. నీ ఆర్డరేసి తోడెట్టేను. ఆరు రోజుల్నుంచి గేదె ఇత్తంది, నేను గోదాట్లో పోత్తన్నాను. కేంద్రం వోడు ఇంక నా బిందె ఎనక్కట్టుకెల్లిపొమ్మన్నాడు. తాగు, నీకు పర్మనెంటు ఒంటబట్టుద్ది."

పోలయ్య గ్లాసెత్తి గడగడా తాగేశాడు. మూతి తుడుచుకోలేదు. తర్వాత ఆర్డరు కాగితం తీసి వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ మళ్ళీ చదివాడు. అందులో "రేవు గడియారం ఒంటిగంటా అయిదు నిమిషాలు చూపినప్పుడు" అని ఉంది. రేవు గడియారం కదలాలని ఎక్కడా లేదు.

ముక్కాలిపీట వేసుకుని ఎక్కాడు. ముల్లు తిప్పి ఒంటిగంటా అయిదు దగ్గర పెట్టాడు. వెనక నుంచి బ్యాటరీ ఊడబీకి జేబులో వేసుకున్నాడు. పీట దిగి, పంటు వైపు గడ్డం ఎత్తాడు.

ధనరాజు హారన్ కొట్టాడు. ఒక్కసారే.

ఆ రోజు నుంచి రేవు మళ్ళీ పూర్వంలాగే నడిచింది. పంటు వెళ్ళి వస్తుంది, ధనరాజు చుట్ట కాలుస్తాడు, చుట్ట ఆరగానే పంటు కదులుతుంది. ఏ ట్రిప్పు కదిలినా గడియారంలో ఒంటిగంటా అయిదే. పోలయ్య షీట్లలో ఒక్క అబద్ధం లేదు. ఇంత తెలివి తనకెలా వచ్చిందని ఆయన మూడు రోజులు మురిసిపోయాడు. నాలుగో రోజున, ఆరు రోజులు ఆ తెలివి ఎక్కడికి పోయిందని ఎవరైనా అడుగుతారేమోనని మురవడం మానేశాడు.

మూడు నెలలు నిండాక విశ్వపతిగారు తనిఖీకి వచ్చారు. తొమ్మిదింటికొచ్చి సాయంత్రం దాకా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పంటు కదిలినప్పుడల్లా గడియారం వంక చూసి, నోటుపుస్తకంలో టిక్కు పెట్టుకున్నారు. మధ్యలో ఒకసారి చేతి గడియారం చూసుకోబోతే, ధనరాజు దండం పెట్టి, "బాబూ, రేవులో రేవు గడియారమే చెల్లుద్దని ఆర్డరులో తమరే రాసేరండి" అన్నాడు. విశ్వపతిగారు చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నారు.

వెళ్ళేముందు పోలయ్య భుజం తట్టారు. "సమయపాలన నూటికి నూరు! ఇంత స్థిరమైన గడియారం నా సర్వీసులో చూడలేదు. అన్ని రేవులకూ ఇదే నమూనా సిఫారసు చేస్తున్నాను."

ఆ సిఫారసు చూసి ఏకాక్షర సంఘం, సమస్యే లేనప్పుడు అక్షరం అనవసరమని తీర్మానించి, ఫైలు మూసి, టీ తాగి విడిపోయింది.

ఇక మిగిలింది పోలయ్య దరఖాస్తు. రిటైరు కావడానికి నెల ఉంది. దరఖాస్తు కూడా పట్టికే. సేవాకాలం అనే గడిలో ఏళ్ళు, రెండు చుక్కలు, నెలలు. పోలయ్యకు ఇరవై ఏళ్ళ అయిదు నెలలు. నీలవేణి 20:05 అని కొట్టి, మీట నొక్కబోయి ఆగింది.

"ఈ నెల వద్దు బాబాయ్ గారూ."

"ఏం?"

"ఇరవై బై అయిదు... కొట్టేస్తే నాలుగు. నాలుగేళ్ళ సర్వీసే చూపిస్తాది. పదేళ్ళు కావాలి కదండీ. వచ్చే నెల ఆఖరి రోజున వెయ్యండి. ఇరవై బై ఆరు అవుతాది. సగానికి సగం పోయినా పది, మూడు మిగుల్తాయి. పదేళ్ళ మూడు నెలలు."

పోలయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చూశాడు. పది చాలు. సగం పోతేనేం, మిగతా సగంతో పర్మనెంటు అవుతుంది. అంకె మారితే లెక్క మళ్ళీ ఎటు తిరుగుతుందోనన్న భయంతో ఆ నెల రోజులూ దేవుణ్ణి ఒకటే కోరాడు: ఈలోగా సర్వీసు పుస్తకం సరిగ్గా చూసి ఎవరూ ఇంకో రోజు కలపకుండా ఉంటే చాలని. పనిచేసిన రోజులు తన పేర ఎక్కువ పడకూడదని మొక్కుకున్న ఉద్యోగి మండలిలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

ఆఖరి రోజు పొద్దున్న దరఖాస్తు వేశారు. పట్టిక పది మూడు అంది. మధ్యాహ్నానికి ఆర్డరు చేతికొచ్చింది. నాగిడి పోలయ్య, పదేళ్ళ మూడు నెలల సేవకు గాను, నేటి నుంచి పర్మనెంటు, నేటి సాయంత్రం నుంచి రిటైరు. రేవులోనే సభ పెట్టారు. విశ్వపతిగారు శాలువా కప్పారు. లోవమ్మ జున్ను చేసి తెచ్చింది. ధనరాజు ఆర్డరు పైకి చదివి అందరికీ వినిపించాడు.

"పదేళ్ళ మూడు నెల్లేటి?" అంది లోవమ్మ. "పదిహేనేళ్ళయ్యి నేనీ పంటెక్కుతన్నాను. మొదటి రోజు నా బిందెకీ టిక్కెట్టు కొట్టింది ఈడే. మరి ఆ ముందరంతా ఇక్కడ కూకున్నోడెవడు మావా, నీ దెయ్యమా?"

జనం గొల్లుమన్నారు. పోలయ్య కూడా నవ్వాడు. నవ్వుతూ ఉండగానే లోపల ఏదో కదిలింది. ఇరవై ఏళ్ళు నోరు విప్పనివాడు, ఆర్డరు జేబులో పడింది కదా, ఇంకెవరేం చేస్తారులే అనే ధైర్యంతో విప్పాడు.

"ఆయ్, అదే నేనూ అడుగుదామని. మిగతా పదేళ్ళ మూడు నెలలు ఏమైనట్టండి?"

విశ్వపతిగారి నవ్వు ఆగిపోయింది. "మంచి ప్రశ్న" అని నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. పోలయ్య వెంటనే నోరు మూసుకున్నాడు. కాని పుస్తకం అప్పటికే తెరుచుకుంది.

వారం తిరగకుండా మెమో వచ్చింది.

"మీ మొత్తం హాజరు ఇరవై సంవత్సరాల ఆరు నెలలని మీరే బహిరంగ సభలో అంగీకరించియున్నారు. పట్టిక ప్రకారం మీ సేవాకాలం పదేళ్ళ మూడు నెలలు మాత్రమే. తక్కిన పదేళ్ళ మూడు నెలల కాలం మీరు మండలి ఉద్యోగి కాకుండానే రేవు ప్రాంగణంలో ప్రవేశించి, మండలి కుర్చీలో ఆసీనులై, మండలి గడియారం వంక చూసి, మండలి పంటును కదిలించినట్లు తేలుచున్నది. ఈ అనధికార చర్యకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో, మీ పర్మనెంటు ఉత్తర్వును ఎందుకు రద్దు చేయరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను."

ధనరాజు కోర్టుకెళదామన్నాడు. నీలవేణి, అక్షరం ఫైలు మళ్ళీ తెరిపిద్దామంది. లోవమ్మ విశ్వపతిగారికి ఒక గ్లాసు పాలు పట్టుకెళతానంది. పోలయ్య అరుగు మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, రెండు రోజులు ఆలోచించి, మూడో రోజున సంజాయిషీ రాశాడు. తన చేత్తోనే రాశాడు. అక్షరాలు పెద్దవీ చిన్నవీ కలిసిపోయాయి గాని అర్థం మాత్రం తిన్నగానే ఉంది.

"దొరగారికి దండాలు. మెమో అందింది. నేను చేసింది తప్పే. తెలియక చేశాను. ఈ ఒక్కసారికి మన్నించండి. ఇంకెప్పుడూ ఇరవై ఏళ్ళు పని చెయ్యను."

సంజాయిషీ సంతృప్తికరంగా ఉన్నదనీ, పశ్చాత్తాపాన్ని పరిగణనలోకి తీసుకుని మందలింపుతో వదిలివేయడమైనదనీ, పింఛను మంజూరు చేయడమైనదనీ మండలి జవాబిచ్చింది.